పెద్దమ్మ ప్రార్థనతో నడిచిన బండి

మట్టిని చేసినవాడికీ, ఆ మట్టిలోనుంచి మనల్ని తీసి ఊపిరి ఊదినవాడికీ ముందుగా స్తోత్రం. అన్నం ముందూ, ప్రయాణం ముందూ, ఆఖరికి పొలం మోటారు స్విచ్చి వేసే ముందూ ఆయన పేరు తలుచుకునే ఇంట్లో పుట్టాను. కథ చెప్పే ముందు తలుచుకోకపోతే నాకు నోరు పెగలదు. ఆయన నన్ను ఎన్ని లోయల్లోనుంచి చేయి పట్టుకుని దాటించాడో నాకే సరిగ్గా తెలియదు. వాటిలో ఒక లోయ మాత్రం పసుపు రంగులో ఉండేది. దానికి ముందొక తొట్టి, వెనకొక తొట్టి, నాలుగు టైర్లు ఉండేవి. ఇది దాని సంగతి.

ఆ రోజుల్లో, అంటే రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో, పది పాసైన మా వైపు కుర్రాళ్లకు రెండే దారులు కనిపించేవి. ఒకటి పత్తి చేను, రెండోది ఐటీఐ. మాది జూలూరుపాడు దగ్గర. పత్తికి మందు కొట్టి కొట్టి మా నాన్న దగ్గు తెచ్చుకున్నాడు కాబట్టి నన్ను రెండో దారిలో పంపాడు. డీజిల్ మెకానిక్ ట్రేడు. నేను చదివిన చోట ఒకే ఒక్క ఇంజను ఉండేది. దాని పక్కలు కోసి, లోపలి భాగాలకు ఎరుపూ నీలమూ రంగులు వేసి, బల్ల మీద నిలబెట్టారు. అది ఎన్నడూ చెడిపోలేదు, ఎందుకంటే ఎన్నడూ నడవలేదు. నేను మాత్రం దాని ప్రతి భాగం పేరూ నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. ఆదివారం బడిలో బైబిలు పితరుల పేర్లన్నీ వరస తప్పకుండా అప్పజెప్పిన అలవాటు అక్కడ బాగా పనికొచ్చింది. పేరు తెలిస్తే మనిషి తెలిసినట్టే అని ఇరవై ఏళ్ల వయసులో అనుకుంటాం.

సర్టిఫికెట్ చేతికి రాగానే మా అక్క నుంచి కబురు వచ్చింది. అక్కను దుమ్ముగూడెం అవతల, గోదావరి ఒడ్డున ఉన్న ఒక పల్లెకు ఇచ్చారు. బావ లారీ డ్రైవరు. దూరపు లైన్ల మీద తిరిగేవాడు. ఎప్పుడు వెళ్తాడో తెలిసేది గానీ ఎప్పుడు వస్తాడో తెలిసేది కాదు. ఆ ఎండాకాలం దేవుడు దయ చూపాడు. అడవిలోపలి గూడేలకు మట్టిరోడ్డు వేసే పని మొదలైంది. కాంట్రాక్టరు ముదిగొండ వైపు మనిషి. ఆయన ఎక్కడో పాతదొకటి కొని తెచ్చిన తవ్వకపు బండికి ఆపరేటర్‌గా బావను పెట్టుకున్నాడు. (ఊళ్లో అందరూ దాన్ని దాని కంపెనీ పేరుతోనే పిలిచేవారు. నేను మాత్రం బండి అనే అంటాను. అది పెట్టిన బాధకు కంపెనీ బాధ్యత ఏమీ లేదని తర్వాత తేలింది.) బావకు హెల్పర్ కావాలి. చదువుకున్న బామ్మర్ది ఉండగా పరాయివాడెందుకని నన్ను పిలిపించారు.

పొద్దున లేచి సద్ది కట్టుకుని వెళ్లి, చీకటి పడకముందే ఇంటికొచ్చే మొగుణ్ణి అక్క పెళ్లయ్యాక అదే మొదటిసారి చూడటం. ఆ సంతోషంలో ఆమె బండిని కూడా ఇంటి మనిషిలాగే చూసింది. పొద్దున్నే మాతోపాటు పని జరిగే చోటి దాకా వచ్చి, పాత చీరముక్కతో బండి మీది ఎర్రదుమ్ము తుడిచేది. అద్దాలు, సీటు, డీజిల్ ట్యాంకు, దాని మూత, అన్నీ. ఖమ్మం నుంచి బండికి సర్వీసు చేయడానికి వచ్చిన ఉస్తాద్ (తాతల కాలం నుంచీ ఇంజన్లతోనే బతుకుతున్న ఇంటివాడు, ఇనుము వాసన చూసి జబ్బు చెప్పగలడని పేరు) మొదటి రోజే మా ముగ్గుర్నీ నిలబెట్టి చెప్పాడు.

"సునో. డీజిల్‌ల దుమ్ము పడొద్దు. సూది మొనంత దుమ్ము చాలు, పంపు ఖతం. పంపు ఖతమైతే బండి ఖతం. బండి ఖతమైతే మీ పని ఖతం."

బావ తల ఊపాడు. నేను తెలిసినవాడిలా నవ్వాను. అక్క మాత్రం ఆ మాటల్ని దేవుని వాక్యం విన్నంత శ్రద్ధగా విన్నది.

అది జరిగిన వారానికి బండికి నీరసం పట్టుకుంది. పొద్దున స్టార్ట్ చేస్తే సింహంలా గర్జించేది. మోదుగు దుబ్బులు వేళ్లతో సహా పెకిలించేది. గంటో గంటన్నరో గడిచేసరికి గొంతు మారేది. తొట్టి మట్టిలోకి దిగగానే ఇంజను కూలబడి, ఇప్పుడో ఇంకాసేపటికో ప్రాణం పోతుందన్నట్టు మూలిగేది. గట్టు ఎక్కమంటే సగంలో ఆగి వెనక్కి జారేది. ఆపి, నీళ్లు తాగి, మళ్లీ మొదలుపెడితే కాసేపు పరవాలేదు. మళ్లీ అదే మూలుగు.

"ఏంది బామ్మర్ది, గిట్ల సతాయిస్తుంది? నీ సదువు ఏమంటుంది?" అన్నాడు బావ.

"ఎయిర్ ఫిల్టర్ బావా."

"నిన్న గూడ గదే అన్నవ్."

"నిన్న సరిగ్గ దులపలే."

"ఇంక దులిపితే చిల్లు పడతది."

అయినా దులిపాను. పైపులు విప్పి ఊదాను. డీజిల్ నోట్లోకి పోయి రెండు పూటలు అన్నం రుచి తెలియలేదు. ఆయిల్ చూశాను, బెల్టు చూశాను, సైలెన్సర్‌లో పిట్ట గూడు పెట్టిందేమోనని కర్ర పెట్టి పొడిచాను. నాకు తెలిసిన భాగాలన్నీ వరసగా అనుమానించాను. బల్ల మీది ఇంజను భాగాలకు వేసిన రంగులు నా కళ్ల ముందు తిరిగేవి గానీ ఈ బండిలో ఎరుపూ లేదు, నీలమూ లేదు, అంతా నల్లటి జిడ్డే.

సిగ్నల్ కోసం గుట్ట ఎక్కి ఉస్తాద్‌కు ఫోను చేశాం. ఖమ్మం నుంచి భద్రాచలం బస్సు, అక్కడినుంచి ఆటో, ఆ తర్వాత నడక. ఆయన వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. బండి పొద్దుటి నుంచీ చింతచెట్టు నీడలో విశ్రాంతిగా ఉంది. స్టార్ట్ చేయగానే సింహం. ఉస్తాద్ నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"బేటా, ఇది బాగనే ఉందిగద. మీకు బాగలేదా?"

బతిమాలి కాసేపు నడిపించాం. అదృష్టం బాగుండి (దురదృష్టం అని రాయాలేమో) ఆయన ఉండగానే ఒక్కసారి మూలిగింది. ఉస్తాద్ సైలెన్సర్ వైపు వేలు చూపించి నాకు పాఠం చెప్పాడు. "సూడు. నల్లపొగ వస్తే గాలి తక్కువైందని. పొగనే లేకుంట కూలబడుతుందంటే డీజిల్ అందుతలేదని. ఇంజన్ ఆకలితోని సస్తుంది." డీజిల్ ఫిల్టర్లు రెండూ మార్చాడు. గొట్టాలు విప్పి కడిగాడు. సింహం తిరిగొచ్చింది. ఉస్తాద్ చాయ్ తాగి వెళ్లిపోయాడు. ఆయన నడిచిన బాట మీది దుమ్ము అణగకముందే సింహం మళ్లీ మూలిగింది. రెండోసారి వచ్చి డీజిల్ చిమ్మే ఇంజక్టర్లు విప్పి, గుడ్డలో చుట్టుకుని ఖమ్మం తీసుకుపోయి బాగుచేయించి తెచ్చాడు. బిగించాడు. మళ్లీ సింహం. మళ్లీ మూలుగు.

ఈలోగా వైశాఖం ముదిరింది. మబ్బులు గోదావరి అవతలి గుట్టల మీద కూర్చుని చూస్తున్నాయి. వానలు పడేలోగా వాగు దాకా రోడ్డుకు మట్టికట్ట పడకపోతే ఆ ఏటికి రోడ్డు లేనట్టే. కాంట్రాక్టరు జీపులో వచ్చి, దిగకుండానే చెప్పిపోయాడు. "శనివారం వస్త. బండి గుంజిందా, సరే. లేకుంటే వేరే బండి దిగుతది, దాని ఆపరేటర్ దానికున్నడు."

ఆ సాయంత్రం అక్క పొయ్యి దగ్గర కూర్చుని నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "మీ బావ మళ్ల లారీ ఎక్కుతడు తమ్మీ. పోయినసారి పోయినప్పుడు మా చిన్నది ఇంక బోర్ల పడలే. వచ్చేసరికి నడుస్తుంది. నాయిన్ను చూసి ఎవరో అనుకొని నా కొంగుల దాక్కున్నది." ఏడవలేదు. అన్నం గంజి వార్చి, నాకు ఇంకో గరిటె వేసింది. ఇంజన్ల గురించి చదివినవాణ్ణి ఇంట్లో నేనొక్కణ్ణే. వాళ్ల ఆశంతా నా మీదే ఉందని తెలుసు. నా దగ్గర ఏమీ లేదని కూడా తెలుసు.

మనుషుల చేత కానప్పుడు ఎవరి దగ్గరికి పోవాలో మాకు చిన్నప్పటి నుంచీ నేర్పారు. పాస్టరు అయ్యగారిని పిలిచాం. ఆయన ఏడు ఊళ్ల సంఘాలకు కాపరి, సైకిలు దిగితే ఇంకో ఊరు ఆలస్యమవుతుంది. మూలుగుతున్న బండి బానెట్ మీద చెయ్యి వేసి చక్కగా, క్లుప్తంగా ప్రార్థించి వెళ్లాడు. బండి నాలుగు తొట్ల మట్టి ఎత్తి మళ్లీ కూలబడింది. నేను మోకరించాను. రెండు మాటలు అనగానే బండి ఎలా ఉందోనని కన్ను తెరిచేవాణ్ణి. నాకైతే నాలుగు తొట్లు కూడా రాలేదు.

అప్పుడు బావ వాళ్ల పెద్దమ్మ వచ్చింది. సంఘంలో ఆమె ప్రార్థన పేరు మోసింది. ఆమె మొదలుపెడితే పిల్లలు నిద్రపోయి, లేచి, మళ్లీ నిద్రపోయేవారు. బండి ఆపించి, ట్యాంకు మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుంది. "తండ్రీ, ఆకాశం లేనప్పుడు ఉన్నోడివి, భూమి లేనప్పుడు ఉన్నోడివి..." అని సృష్టి దగ్గర మొదలై, జలప్రళయం దాటి, ఐగుప్తులో ఇటుకలు చేసి, అరణ్యంలో దారి తప్పి, చెరలోకి పోయి, తిరిగొచ్చి, మా జిల్లాలోని విధవరాళ్లనూ జ్వరాలనూ పాలకులనూ పేరుపేరునా తలుచుకుని, చిట్టచివర "ఈ ఇనప బిడ్డను గూడ ముట్టు తండ్రీ" అంది. మేం ఆమెన్ అని స్టార్ట్ చేశాం. సింహం. గంటన్నర సేపు సింహమే.

నిజంగా చెబుతున్నాను, నాకు ఒళ్లు జలదరించింది. ఆ తర్వాత రోజూ ఆమెనే పిలిచాం. మూలుగు మొదలవగానే బావ ఇంజను ఆపి నన్ను ఊళ్లోకి పరుగెత్తించేవాడు. పెద్దమ్మ కర్ర పట్టుకుని నిదానంగా వచ్చేది. మట్టి మోసే కూలీలకు ఆమె రాక పండగ. "పెద్దమ్మ సల్లగుండాలె. ఇయ్యాల ఐగుప్తుల ఇంకొంచెం సేపు ఉండుమను" అని తట్టలు బోర్లించి నీడకు పోయేవారు. ఒకరోజు ఆమెకు ఒంట్లో బాగాలేక, సృష్టి నుంచి నేరుగా ఆమెన్‌కు వచ్చేసింది. ఆ రోజు బండి కోలుకోలేదు. దాంతో నాకు మిగిలిన అనుమానం కూడా తీరిపోయింది. పొడుగు ప్రార్థనకు పొడుగు జవాబు, పొట్టి ప్రార్థనకు పొట్టి జవాబు. (ఈ సూత్రాన్ని నేను యువకుల కూటంలో సాక్ష్యంగా కూడా చెప్పాను. అందరూ హల్లెలూయా అన్నారు.)

అయితే ఆ సూత్రం నన్ను లోపల తినేసింది. దేవుడు పెద్దమ్మ మాట వింటున్నాడు, నా మాట వినడం లేదు. పైగా ఎంత విన్నా గంటన్నరకే మరిచిపోతున్నాడు. రోజులో సగం ప్రార్థనకే పోతోంది, కట్ట ముందుకు సాగడం లేదు, శనివారం వచ్చేస్తోంది. వాగు ఇసుకలో ఒంటరిగా బోర్లా పడుకుని, ప్రభువా, నీకు ఈ ఇల్లు నిలబెట్టే ఉద్దేశం ఉందా లేదా, లేకపోతే ఆ మాటైనా చెప్పు అని అడిగాను. ఇసుక కాలుతోంది. నాలో ఉన్న ఏ పాపం అడ్డు పడుతోందో అని వెతుక్కున్నాను. ఆ వయసులో వెతికితే దొరకని పాపమంటూ ఉండదు.

శనివారం కాంట్రాక్టరు వచ్చాడు, జీపులో ఉస్తాద్‌ను వెంటబెట్టుకుని. వెనకాలే బండిని ఎక్కించుకుపోవడానికి ట్రైలరు కూడా వచ్చింది. అప్పటికే మూలుగు మొదలైంది, బావ ఇంజను ఆపేశాడు, పెద్దమ్మ ప్రార్థనలో ఉంది. మేం తలలు వంచుకుని నిలబడ్డాం. అక్క ట్రైలరును చూసి మొగుడి చొక్కా పట్టుకుంది. కాంట్రాక్టరు వాచీ చూసుకున్నాడు.

"ఇంకెంతసేపు?"

"ఐగుప్తు దాక వచ్చింది సార్" అన్నాను.

"అవ్వా, ఇగ చాలు. నాకు వానొస్తుంది."

పెద్దమ్మ కళ్లు తెరిచింది. ఆమె ప్రార్థనను సగంలో ఆపిన మనిషి అప్పటిదాకా పుట్టలేదు. బావ స్టార్ట్ చేశాడు. తొట్టి మట్టిలో దిగింది, ఇంజను కూలబడింది. ఉస్తాద్ తల అడ్డంగా ఊపి, "పంపు మొత్తం విప్పాలె సార్. షెడ్డుకు తీస్కపోదాం" అన్నాడు. కాంట్రాక్టరు ట్రైలరు వైపు చెయ్యి చూపించాడు. అంతే, అయిపోయింది.

ఆ చివరి అవమానం కూడా సరిగ్గా జరగలేదు. ట్రైలరుకు వేసిన వాలు పలకల మీద బండి సగం ఎక్కి, మూలిగి, వెనక్కి జారింది. మళ్లీ ఎక్కింది, మళ్లీ జారింది. పోవడానికి కూడా దానికి సత్తువ లేదు. కాంట్రాక్టరుకు విసుగొచ్చి, "బరువన్న తగ్గియ్యుండ్రి. ట్యాంకుల డీజిల్ తియ్యి" అని నాకు పురమాయించాడు. బావ ఇంజను ఆపలేదు, ఆపితే మళ్లీ లేవదేమోనని భయం. నేను క్యానూ పైపూ పట్టుకుని ట్యాంకు మూత తిప్పాను. తిరిగింది గానీ పైకి రాలేదు. లోపలి నుంచి ఎవరో గట్టిగా పట్టుకున్నట్టుంది. రెండు చేతులతో పీకాను.

మూత ఊడొచ్చింది. ట్యాంకు నోరు తెరిచి, నీళ్లలో మునిగి తేలిన మనిషిలా, హూ అని పెద్ద ఊపిరి లోపలికి పీల్చుకుంది. లోపలికి నొక్కుకుపోయి ఉన్న దాని రేకు ధడాలున బయటికి తన్నుకుంది. నేను భయపడి వెనక్కి పడ్డాను. మరుక్షణం ఇంజను గొంతు మారింది. బావ కాలు ఇంకా ఆక్సిలేటర్ మీదే ఉంది. బండి గర్జించి, ఆ వాలు పలకల మీదుగా ట్రైలరు మీదికి ఒక్క ఊపున ఎక్కి కూర్చుంది. ఎక్కితే పోవాల్సిందే కదా అన్నట్టు బావ పైనుంచి అక్క వైపు దీనంగా చూశాడు.

"దింపు" అన్నాడు కాంట్రాక్టరు.

ఉస్తాద్ నా చేతిలోంచి మూత లాక్కున్నాడు. గోటితో గీకాడు. "దీని మీద గాలి పోయే చిన్న చిల్లు ఉండాలె. ఎవరో మూసిండ్రు. డీజిల్ ఖాళీ అయిన కొద్దీ లోపలికి గాలి రావాలె బేటా. రాకపోతే ట్యాంకు డీజిల్ను గుంజి పట్టుకుంటది, ఇంజన్‌కు ఇయ్యది. ఆపి గంటసేపు పెడితే ఎక్కడో సందుల నుంచి మెల్లగ గాలి జొరబడతది, మళ్ల నడుస్తది." ఆ మాట అంటూ ఆయన పెద్దమ్మ వైపు చూశాడు. నేనూ చూశాను. సృష్టి నుంచి చెర దాకా, చెర నుంచి విధవరాళ్ల దాకా పట్టే ఆ సమయమంతా నా కళ్ల ముందు తిరిగింది.

"ఎవరు మూసిండ్రు?" అన్నాడు కాంట్రాక్టరు.

అక్క బావ చొక్కా వదిలేసి రెండడుగులు ముందుకొచ్చింది. పడవల పగుళ్లకు కరిగించి పూసే గుగ్గిలం అది, ఒడ్డున పడవలు బాగుచేసేవాళ్ల దగ్గర అడిగి తెచ్చిందట. "దుమ్ము పడొద్దంటిరి గదా. తుడుస్తుంటే మూతకు చిల్లు కనబడ్డది. పాతదిగదా, పాడైందనుకున్న." ఇంకా ఆగి, గొంతు తగ్గించి, "జలప్రళయంల దేవుడు గూడ ఓడకు లోపట బయట తారు లెక్క కీలు పూయమన్నడు గదా" అంది.

ఉస్తాద్ గడ్డం నిమురుకుంటూ నవ్వాడు. "బేటీ, ఓడల నీళ్లు రావద్దు. దీంట్ల గాలి రావాలె." అక్క పిన్నీసు తీసి ఇస్తే ఆయన దానితో చిల్లును పొడిచాడు. అంతదాకా నిలబడిన మనిషి, చిల్లు తెరుచుకోగానే టైరు పక్కన కూలబడి ఏడ్చింది. "ఆయన ఉండాలనే పూసిన. నేనే పంపేదాన్ని గదా." బావ ట్రైలరు దిగి వచ్చి పక్కన కూర్చున్నాడు. అందరి ముందూ పెళ్లాం పక్కన కూర్చోవడం ఆయనకు అలవాటు లేదు, చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక టైరు మీది మట్టి దులిపాడు.

పెద్దమ్మకు మాత్రం వేరే బాధ పట్టుకుంది. "అయితే ఇగ నా ప్రార్థన అక్కరలేదన్నట్టా?"

"ఉంది పెద్దమ్మా. కాకపోతే మూత తీసి చేద్దాం" అన్నాడు బావ.

"ఈయన నా ప్రార్థన ఆపకపోతే మూత తీసేటోళ్లా మీరు? ఆపుమని ఈయన్ను తోలిందెవరు?" అని పెద్దమ్మ కాంట్రాక్టరు వైపు కర్ర చూపించింది. తనను పరలోకం నుంచి తోలారని వినగానే కాంట్రాక్టరు మెత్తబడి, జీపులోంచి సీసాడు నీళ్లు తెచ్చి ఆమెకిచ్చాడు.

వానలకు ముందు కట్ట వాగు దాకా చేరింది. ఆ శనివారం సాయంత్రం బావ ఇంటికొచ్చి, కూరలో ఉప్పు ఎక్కువైందన్నాడు. అక్క, బండికి గుగ్గిలం పూసిన చేత్తో వండితే అంతే ఉంటది, తింటే తిను అంది. పిల్లలు నిద్రపోయేదాకా ఇద్దరూ పోట్లాడుకున్నారు. నేను వాకిట్లో మంచం మీద పడుకుని ఆ పోట్లాటను కీర్తన విన్నట్టు విన్నాను.

ఇప్పుడు నాకు ఆ రోజుటి కాంట్రాక్టరు వయసు. ఇంజన్ల మీదే బతుకుతున్నాను, ఆదివారాలు సంఘంలో వాక్యం చెబుతున్నాను. ఇసుకలో బోర్లా పడుకుని దేవుడు తన మాట వినడం లేదని కుమిలిన ఆ కుర్రాడు అప్పుడప్పుడూ గుర్తొస్తాడు. ఆయన విననందుకు కాదు, తనకు ఏమీ తెలియనందుకు అంత ఏడుపు ఏడ్చాడు పాపం, ఆ తేడా వాడికి అప్పుడు తెలియదు. ఇప్పటికైనా పూర్తిగా తెలిసిందని నేను ప్రమాణం చేయలేను. పెద్దమ్మ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. అక్కడ ఆమెను ఎవరూ సగంలో ఆపరని నమ్ముతున్నాను.

చదివే మీరు కూడా ఒక్కసారి నాతోపాటు తల వంచండి. ఈ సాయంత్రం ఇంటికి రావలసిన మనిషి ఎవరింట్లో ఇంకా రాలేదో, ఆ ఇంటిని తలుచుకోండి. మీకు తెలిసిన పేరు ఉంటే ఆ పేరు మీరే చెప్పండి. ఆమెన్ నేను చెబుతాను.